మల్లేశ్ బండి వెనక బంపర్

రైలు దిగేసరికి ఉదయం ఆరున్నర. ప్లాట్‌ఫారం మీదే వరసలో నిలబెట్టి తలలు లెక్కపెట్టారు. మనిషికో రైఫిల్, హెల్మెట్, లాఠీ, నీళ్ల సీసా, వీపు మీద సంచి. ఏప్రిల్ నెల. ఎనిమిది కాకుండానే హెల్మెట్ లోపలి పట్టీ చెమటతో తడిసిపోయింది. మా కేంద్ర బలగం కంపెనీకి ఎన్నికల బందోబస్తు డ్యూటీ. బస పాతబస్తీలో ఒక పెళ్లిళ్ల ఫంక్షన్ హాల్లో. వేదిక మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే రెండు ఎర్ర కుర్చీలు ఇంకా అలాగే ఉన్నాయి. మా సెక్షన్ కమాండర్ ఒకదాని మీద హెల్మెట్ పెట్టి, రెండోదాని మీద వైర్‌లెస్ సెట్టు పెట్టించాడు. మేము కింద పక్కలు పరుచుకున్నాం.

మా ఊళ్లో నన్ను కూర్చోబెట్టి అడిగేవాళ్లంతా మంచుకొండల సంగతి చెప్పమంటారు. సర్వీసులో మంచూ చూశాను, అడవీ చూశాను. అక్కడ ప్రమాదం ఎటువైపు నుంచి వస్తుందో ఎవరో ఒకరు వేలు పెట్టి చూపించేవారు. పాతబస్తీలో అలా చూపించేవాడు లేడు. గాజుల దుకాణాలు, బట్టల దుకాణాలు, మూడు మూరల సందులో ఎదురెదురుగా రెండు ఆటోలు, మధ్యలో స్కూటర్. మేము నడిచిపోతుంటే బేరాలు ఆగేవి, మేము దాటగానే మళ్లీ మొదలయ్యేవి. మూల మీద చాయ్ హోటల్ ఆయన మొదటి రోజే మాకు ఉచితంగా చాయ్ పోశాడు. ఎందుకు పోశాడా అని నేను సాయంత్రం దాకా ఆలోచించాను. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ అదే అంటుంది.

మాది శ్రీకాకుళం వైపు. సెక్షన్‌లో తెలుగు తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. అందుకని నా పేరు పోయి 'ఆంధ్రా' మిగిలింది. బలగంలో చేరిన కొత్తలో కొన్నేళ్లు వాహనాల వర్క్‌షాపులో ఫిట్టర్‌గా కూడా చేశాను. ఈ రెండూ ఉండబట్టే ఈ గొడవ నా నెత్తికి చుట్టుకుంది.

ఎన్నికలప్పుడు మాకు బళ్లు చాలవు. ప్రైవేటు బళ్లను డ్రైవర్లతో సహా డ్యూటీకి పట్టుకుంటారు. మా సెక్షన్‌కి వచ్చింది ఒక పాత తెల్ల పికప్ బండి. వెనక తొట్టిలో రెండు బల్లలు బిగించి, పైన టార్పాలిన్ కట్టారు. డ్రైవర్ పేరు మల్లేశ్. నలభై దాటినవాడు, సన్నటి మనిషి, లాల్‌దర్వాజ వైపు ఉంటాడట. నన్ను చూసి నోరంతా తెరిచి నవ్వాడు.

"తెలుగోళ్లా అన్నా! నయమైంది. మస్తు పరేషాన్‌ల ఉన్న, హిందీ సాబులతోని ఎట్లా అని."

బండి వెనక బంపర్ కంపెనీది కాదు. చేయించింది. తొడ మందం ఇనుప ఛానల్, మధ్యలో ఒక పెద్ద హుక్కు. పెళ్లి బరాత్‌ల ముందు లైట్లు వెలగాలంటే జనరేటర్ కావాలి కదా, ఆ జనరేటర్ ఉన్న చక్రాల బండిని ఈ హుక్కుకి తగిలించి లాగుతాడట. హుక్కు బంపర్ దాటి జానెడు బయటికి పొడుచుకుని ఉంది.

మూడో రోజు గాజుల సందులో మలుపు తిప్పుతుంటే ఆ హుక్కు ఒక ఆటో ముందు మడ్‌గార్డుని పట్టుకుంది. మల్లేశ్ చూసుకోకుండా ముందుకి పోనిచ్చాడు. మడ్‌గార్డు ఊడి మా వెంట వచ్చింది. క్షణంలో సందు నిండిపోయింది. ఆటో అతను అరుస్తున్నాడు, పైఅంతస్తుల కిటికీలన్నీ తెరుచుకున్నాయి, మా చేతుల్లో రైఫిళ్లున్నాయి. అలాంటి చోట మడ్‌గార్డు గురించి మొదలైన లొల్లి మడ్‌గార్డు దగ్గరే ఆగుతుందని నమ్మకం లేదు. ఎలాగో సర్ది బయటపడ్డాం. హాలుకి చేరగానే సెక్షన్ కమాండర్ బండి వెనక్కి వెళ్లి బూటుతో హుక్కుని తన్నాడు.

"ఆంధ్రా, ఇస్కో బోలో. కల్ సుబహ్ తక్ యే సబ్ హట్‌నా చాహియే."

రేపు పొద్దునకల్లా బంపరూ హుక్కూ రెండూ తీసేయాలని మల్లేశ్‌కి చెప్పాను.

"అట్లనే అన్నా. పక్కా," అన్నాడు.

పొద్దున చూస్తే బంపర్ అక్కడే ఉంది. బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయన్నాడు. మర్నాడు, తన వెల్డింగ్ మనిషి ఊళ్లో లేడన్నాడు. ఆ మర్నాడు, పానా సైజు కుదరలేదన్నాడు. తర్వాత శుక్రవారం వచ్చింది, గ్యారేజ్ బంద్ అన్నాడు. ఒకే సాకు నాలుగుసార్లు చెప్పి ఉంటే బద్ధకం అనుకునేవాణ్ని. రోజుకొకటి చెప్పేసరికి నా బుర్రలో పురుగు తొలిచింది.

అప్పటి నుంచి మల్లేశ్‌ని గమనించడం మొదలుపెట్టాను. ఎక్కడ ఆపినా బండి వెనక భాగాన్ని గోడకి ఆనించి పెట్టేవాడు. బండి కడుగుతామని మావాళ్లు బకెట్ పట్టుకెళితే, ముందు భాగం మీరు కడగండి, వెనక నేను చూసుకుంటా అనేవాడు. మమ్మల్ని దింపిన ప్రతిసారీ నేలమీద బోర్లా పడుకుని ఫోన్ దీపంతో వెనక చక్రాల మధ్యకి తొంగిచూసేవాడు. హాల్లో పడుకోమంటే ఒప్పుకోక బండిలోనే పడుకునేవాడు. మా సెక్షన్‌లో మెషిన్‌గన్ మోసేవాడు భారీ మనిషి. వాణ్ని ఒక్కరోజు కూడా వెనక ఎక్కనిచ్చేవాడు కాదు.

"మోటా సాబ్, ఆప్ ఆగే ఆవో. మీకు ముందల సీటు, రాజా లెక్క," అనేవాడు. మావాడు అది మర్యాద అనుకుని మురిసిపోయేవాడు.

తొమ్మిదో రోజు ఉదయం కంట్రోల్ నుంచి సందేశం వచ్చింది. వైర్‌లెస్ మనిషి చెవి దగ్గర పెట్టుకుని గట్టిగా తిరిగి చెప్పాడు: "అన్ని నాకాలకూ. వాహనాల అడుగు భాగం, రహస్య అరలు తనిఖీ చేయాలి. మళ్లీ చెబుతున్నా, అడుగు భాగం. ఓవర్."

కమాండర్ నా వైపు చూశాడు. నేను అప్పటికే బండి వైపు చూస్తున్నాను. మా నాకా దగ్గర ప్రతి బండినీ ఆపేవాళ్లం. కర్రకి అద్దం కట్టి కింద పెట్టి చూసేవాళ్లం. నగరంలో ఎవరూ ఆపని బండి ఒకటే ఉంది. అది మేమెక్కి తిరిగే బండి. ఏదైనా ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేరవేయాలంటే దానికన్నా మంచి బండి ఎవరికి దొరుకుతుంది? అందులో ఏం దొరికినా మల్లేశ్ జైలుకి పోతాడు, మా కమాండర్ ఉద్యోగం పోతుంది.

మధ్యాహ్నం మూడింటికి, హాలు వెనక వంటలు చేసే జాగాలో బండి పెట్టించాడు కమాండర్. గేటు దగ్గర సెంట్రీని నిలబెట్టాడు. మల్లేశ్ తాళంచెవి తీసుకుని తన జేబులో వేసుకున్నాడు.

"ఖోలో," అన్నాడు నాతో.

నేను కిందికి వంగి బోల్టులు చూశాను. బండి అడుగంతా తుప్పే. కమాన్ పట్టీల మీద మట్టి గట్టిపడి ఉంది. బంపర్ బోల్టులు మాత్రం కొత్తవి. పైన నల్లరంగు కొట్టాడు గానీ, మరల్లో ఇనుము మెరుస్తోంది.

"ఏటి మల్లేశ్, బిగుసుకుపోయాయన్నావు? ఇవి మొన్న బిగించినట్టున్నాయి," అన్నాను.

మల్లేశ్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. "అన్నా, నీ కాళ్లు మొక్కుతా. ఇప్పకు. ఇంకో బండి తోలుకొస్తా, పైసలద్దు. దీన్ని ఊకుండనియ్యి."

"ఏముంది అందులో?"

"ఏం లేదన్నా."

ఏమీ లేనిదానికి కాళ్లు మొక్కేవాణ్ని నేనెప్పుడూ చూడలేదు. మెషిన్‌గన్ వాడు మల్లేశ్ పక్కన లాఠీ పట్టుకుని నిలబడ్డాడు. ముందు సీటు మర్యాద అంతా ఆ గడియలో మరిచిపోయాడు.

నంబర్ ప్లేటు మీది చిన్న దీపం వైర్లు ముందు విప్పాను. తర్వాత హుక్కు. దానికి నాలుగు బోల్టులు. అడుగున ఇటుకలు పేర్చి, మోకాలితో హుక్కుని ఎత్తిపట్టి, పానాతో ఒక్కొక్కటే వదులు చేశాను. చివరిది ఊడగానే హుక్కు ఇటుకల మీద కూలబడింది. మావాళ్లలో ఇంకొకడూ నేనూ పట్టుకుని పక్కకి లాగాం. లోపల ఏమీ లేదు. మసి, గ్రీజు.

ఇక బంపర్. మామూలు బంపర్‌ని చాసీకి పట్టి ఉంచే పట్టీలు జానెడుంటాయి. ఇవి రెండు పక్కలా మూరన్నర లోపలికి పోయాయి, వెనక కమాన్ల దాకా. బోల్టులు కూడా అవసరానికి మించి ఉన్నాయి. ఇంత వెడల్పు ఇనుప పట్టీ వెనక, చాసీ కమ్మీ బోలులో, ఏదైనా పట్టేస్తుంది. సుత్తితో కొట్టి చూశాను. శబ్దం చచ్చుగా వచ్చింది. వైర్‌లెస్ మనిషి కూడా దగ్గరికి వచ్చి వంగాడు. నేను బండి కింద వెల్లకిలా పడుకుని, ఎడమ పట్టీ మొత్తం విప్పి, కుడివైపు వచ్చాను. రెండు బోల్టులు మిగిలాయి. ఒకటి తీశాను. రెండోదానికి పానా తగిలించాను.

"అన్నా, ఆగు!"

మల్లేశ్ లేచి పరిగెత్తుకొచ్చాడు. మెషిన్‌గన్ వాడు మెడ పట్టుకుని వెనక్కి లాగాడు. పట్టులో గిలగిల్లాడుతూనే అరిచాడు. "జాకీ పెట్టు అన్నా! చాసీ కింద జాకీ పెట్టు! ఊకె ఇప్పితే నీ మీద కూసుంటది! నీ పానం పోతది!"

"క్యా బోల్ రహా హై?" అన్నాడు కమాండర్.

చెప్పాను. నాటకం, టైం లాగుతున్నాడు అన్నాడు మెషిన్‌గన్ వాడు. నాకూ అలాగే తోచింది. కానీ బండి కింద పడుకున్నది వాడు కాదు, నేను. బయటికి జరిగి జాకీ తెమ్మన్నాను. చాసీకి ఆనేదాకా ఎత్తి, పక్కన రెండు వరసల ఇటుకలు పేర్చి, ఈసారి చేయి మాత్రమే లోపలికి పెట్టి ఆఖరి బోల్టు తీశాను.

బండి మూలిగింది. తొట్టి వెనక భాగం కొద్దిగా కుంగి జాకీ మీద కూర్చుంది. పట్టీ ఊడి నేలమీద పడింది. దాని వెనక దాచిన సరుకేమీ లేదు. ఎడమ చాసీ కమ్మీ అడ్డంగా పగిలి ఉంది, పై నుంచి కింది దాకా, నా వేలు దూరేంత. కుడిది సగం దాకా పగిలింది. ఇన్నాళ్లూ తొట్టి వెనక భాగాన్ని మోసింది చాసీ కాదు, బంపర్ పట్టీలు. విరిగిన కాలికి కట్టిన బద్దల్లా అవి రెండు పక్కలా పట్టుకుని ఉన్నాయి.

తొమ్మిది రోజులుగా మేము ఎనిమిది మందిమి, తూటాలతో, హెల్మెట్లతో, ఆ పగులు మీద కూర్చుని తిరిగాం.

మెషిన్‌గన్ వాడు మెడ వదిలేశాడు. మల్లేశ్ అక్కడే కూలబడ్డాడు.

"బరాత్‌ల వల్ల అయిందన్నా," అన్నాడు. "జనరేటర్ బండి ముందలి కమ్మి మీద పోరగాండ్లు ఎక్కి ఎగురుతరు. బ్యాండు కొడుతుంటే దిగుమంటే ఎవడన్నా దిగుతడా? ఆ బరువంత హుక్కు మీదనే. మొన్న సీజన్‌ల పగిలింది. పట్టీలు ఏసి కొట్టిచ్చిన. ఎలక్షన్ డ్యూటీ అని రోడ్డు మీదనే పట్టుకున్నరు. చాసీ పగిలిందని చెప్తే ఫిట్‌నెస్ కాయితం తీసేస్తరు. ఫిట్‌నెస్ పోతే బండి పోయె. బండి పోతే నేనేం చెయ్యాలె?"

"మేం వెనక కూర్చున్నాం మల్లేశ్," అన్నాను.

"తెలుసన్నా. గుంత వచ్చినప్పుడల్లా నా పానం పోతుండె. అందుకే మోటా సాబ్‌ని ముందల కూసోబెట్టిన."

కోపం ఆగలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను, మా వైపు తిట్లన్నీ. తల వంచుకుని పడ్డాడు. నోరు మూసుకుని కూర్చుంటే తన రహస్యం ఇంకో నిమిషం దాగేది, నా తల ఇనుము కింద ఉండేది. అది కూడా నాకు తెలుసు. అందుకే తిట్టి తిట్టి మధ్యలో ఆపేశాను.

కమాండర్ సీసాడు నీళ్లు తాగి తేల్చాడు. బండిని డ్యూటీ నుంచి తప్పించాడు. మల్లేశ్‌ని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. "బంపర్, హుక్కు ఇక్కడే ఉంటాయి. చాసీ సరిగ్గా చేయించి తెచ్చి ఆంధ్రాకి చూపించు. ఆంధ్రా ఔనంటే పట్టుకుపో. పెళ్లిళ్ల సీజన్ వచ్చే నెల కదా, హుక్కు లేకుండా ఎలా బతుకుతావో చూస్తా," అన్నాడు హిందీలో. నేను తెలుగులో చెప్పి, నా సొంత మాట ఒకటి కలిపాను. "అతుకేసి మళ్లీ పైన ఏదైనా బిగించి రోడ్డెక్కావో, నేనే వెళ్లి పోలీసులకి చెబుతాను. ఫిట్‌నెస్ కాదు, నువ్వే జైలుకి పోతావు."

జాకీ మీద నుంచి దించకముందు చాసీకి కర్రలూ గొలుసులూ కట్టాం. మల్లేశ్ ఖాళీ బండిని నడక వేగంతో తోలుకుని వెళ్లిపోయాడు. గ్యారేజ్ ఎక్కడో అడిగి తెలుసుకున్నాను. సందు పేరు రెండుసార్లు చెప్పించుకున్నాను, ఒకేలా చెబుతాడో లేదో అని.

తర్వాత మాకు ఒక స్కూలు బస్సు ఇచ్చారు. మల్లేశ్ రాలేదు. రెండు రోజులకి ఫోన్ కూడా స్విచ్ఛాఫ్. నాకు అర్థమైపోయింది, అనుకున్నాను. ఆ ఊళ్లో ఇనుప ఛానల్‌కి కరువా, వెల్డింగ్ మనుషులకి కరువా? ఇంకో బంపర్ కొట్టించి ఉంటాడు. లేదా ఎవరికో అంటగట్టి ఉంటాడు. తెల్ల పికప్ కనిపిస్తే చాలు, నా కళ్లు వెనక చక్రాల మధ్యకి పోయేవి. బేగంబజార్‌లో గిన్నెల మూటలు దించుతున్న ఒక బండి కొత్త బంపర్ చూసి, పరిగెత్తుకెళ్లి కింద పడుకున్నాను. చాసీ బంగారంలా ఉంది. హమాలీలు నవ్వారు. షావుకారు మాత్రం నవ్వలేదు, "ఏమైంది సాబ్, ఎవరన్నా ఏమన్నా చెప్పిన్రా మా గురించి?" అని అడిగాడు. నా జబ్బు అతనికి అంటించి వచ్చాను.

పోలింగ్ ప్రశాంతంగా జరిగింది. మర్నాడు రాత్రి రైలుకి మూటాముల్లె సర్దుతున్నాం. వంటల జాగాలో బంపరూ హుక్కూ అలాగే పడి ఉన్నాయి. కమాండర్‌ని రెండు గంటలు పర్మిషన్ అడిగాను.

"వాడు దొరకడు," అన్నాడు.

"దొరికినా దొరక్కపోయినా, ఏం చేశాడో చూసి రావాలి సాబ్."

మెషిన్‌గన్ వాణ్ని తోడు తీసుకుని, హుక్కుని ఆటోలో వేసుకుని బయల్దేరాను. దాన్ని తిరిగి ఇద్దామని కాదు. ఇది నీదేనా, ఆ బండి ఏది అని నిలదీయడానికి. దారంతా ఏమనాలో మాటలు పేర్చుకున్నాను.

చెప్పిన సందులోనే ఉంది గ్యారేజ్. వెల్డింగ్ మేస్త్రీ వహీద్ భాయ్, తెల్లగడ్డం మనిషి, యూనిఫాం చూడగానే లేచాడు. మల్లేశ్ పేరు చెప్పాను. లోపలి జాగా వైపు చేయి చూపించాడు.

బండి అక్కడే ఉంది. ముందు సగం. క్యాబిన్ వెనక నుంచి కోసేసి ఉంది. తొట్టి లేదు, వెనక చక్రాలు లేవు, మేం కూర్చున్న బల్లలు లేవు. ముందు చక్రాలు కూడా విప్పేసి ఇటుకల మీద నిలబెట్టారు. మల్లేశ్ డ్రైవర్ సీట్లో కూర్చుని ఉన్నాడు. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి.

"ఏటిది?" అన్నాను వహీద్ భాయ్‌తో. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"తుప్పు గీకినంక చూస్తే పగుళ్లు ముందల దాకా పోయినయ్ సాబ్," అన్నాడు వహీద్ భాయ్. "వెల్డింగ్ పెడ్తా గాని, మనుషులెక్కితే నేను జిమ్మేదార్ కాదని చెప్పిన. ఒకాయన కొంటా అని వచ్చిండు. ఊకె అతుకేసి, మీద బంపర్ కొట్టి ఇయ్యమన్నడు. మూడుసార్లు తిరిగిండు. మల్లేశ్ ఇయ్యలే. కోసెయ్యి భాయ్ అన్నడు నాతోని. ఎనక సామాను తుక్కుకి పోయింది. ఇది రేపు పోతది."

క్యాబిన్ దగ్గరికి వెళ్లాను. మల్లేశ్ దిగలేదు. నా వైపు చూసి నవ్వబోయాడు, కుదరలేదు.

"ఎందుకు అమ్మలేదు?" అన్నాను.

"ఆయనది పూల బండి అన్నా. గుడిమల్కాపూర్ మార్కెట్‌కి. పొద్దుగాల ఆడోళ్లు పూల మూటల మీద కూసొని వస్తరు ఎనక. సంక పిల్లలతోని." స్టీరింగ్‌ని బొటనవేలితో తుడిచాడు. "మిమ్మల్ని తిప్పినప్పుడు రోజూ ఎనక మీ మాటలు ఇనబడుతుండె నాకు. నవ్వేది, పాటలు పాడేది. పగిలిన సప్పుడు ఇనబడుతదేమోనని చెవులు అటే పెట్టి తోలిన. ఇంకొకళ్ల మాటలు గట్ల ఇనుకుంట ఇంకో డ్రైవర్ తోలుతడు కదన్నా. వానికైతే పగిలిందని కూడ తెల్వదు."

"ఫోన్ ఎందుకు ఆపేశావు?"

"బరాత్‌కి బండి ఉందా, వస్తవా అని ఫోన్లు. ఏమని చెప్పాలె?"

నాకు ఏడుపొచ్చింది. మెషిన్‌గన్ వాడికి తెలుగు రాదు, అయినా వాడు కూడా హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడేం చేస్తావని అడిగాను. ఎవరి బండికైనా డ్రైవర్‌గా పోతానన్నాడు. భుజం మీద చేయి వేశాను. అంతకన్నా ఏమీ చేయలేకపోయాను. టైం అయిపోతోంది. హుక్కుని వహీద్ భాయ్ గడప దగ్గర దించి బయల్దేరాం.

సందు మొదట్లో ఒక తోపుడు బండి అడ్డంగా ఉంది. మెషిన్‌గన్ వాడు జరగమని అరుస్తున్నాడు, ఎవరూ వినడం లేదు. అప్పుడు వెనక నుంచి గట్టిగా హారన్ మోగింది. మాకు దారి ఇవ్వమని. తోపుడు బండివాడు ఉలిక్కిపడి పక్కకి జరిగాడు. నేను వెనక్కి తిరిగి చూశాను.

ఆ రాత్రి రైల్లో క్యాంపుకి వెళ్లాను, ఇంకొంత కాలం పనిచేశాను, పింఛను తీసుకుని ఊరికి వచ్చేశాను. ఇప్పటికీ ఏ బండైనా ఎక్కబోయే ముందు వంగి కింద చూస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. మంచుకొండల గురించి చెప్పమని ఎవరైనా అడిగినప్పుడు మొదలుపెడతాను గానీ, మధ్యలో అదే కళ్ల ముందుకి వస్తుంది. ఇటుకల మీద సగం బండి. లోపల మల్లేశ్, రోడ్డు మీద ఉన్నట్టే ముందుకు చూస్తూ, అరచేత్తో హారన్ నొక్కిపట్టి, మేం సందు దాటేదాకా వదలకుండా.